రిజిస్టర్‌లో తొలి పేరు

ప్రసవ వార్డులో అర్ధరాత్రి ఓ బాలింతకు రక్తస్రావం ఎక్కువైతే ముందుగా పసిగట్టేది ఎవరో తెలుసా? చాలాసార్లు మాలాంటి డాక్టర్లం కాదు, నర్సే. పొట్ట మీద చెయ్యి వేసి గర్భసంచి గట్టిపడిందో లేదో చూస్తుంది. మేం వచ్చేలోపు చేయాల్సింది మొదలుపెట్టేస్తుంది. ఆ చేతికి అంత నేర్పు ఊరికే రాదు, శిక్షణతో వస్తుంది. డాక్టరు అందుబాటులో లేని పల్లెల్లోనైతే ఆ శిక్షణే తల్లి ప్రాణం. అలాంటి ఓ పల్లె ప్రాంతంలో శిక్షణ పొంది చరిత్రకెక్కిన సిసిలియా మకివానే గురించి ఈ వారం మీకు చెప్పాలి.

దక్షిణాఫ్రికాలో ఈస్టర్న్ కేప్ ప్రాంతంలోని ఆలిస్ అనే చిన్న పట్టణం దగ్గర 1880లో పుట్టిందామె. తండ్రి ఎలైజా మకివానే చర్చి పాస్టరు. చదువు విలువ తెలిసిన ఇల్లు కావడంతో సిసిలియా లవ్‌డేల్ బాలికల పాఠశాలలో చదివి, టీచరుగా అర్హత సంపాదించింది. ఆ రోజుల్లో నల్లజాతి అమ్మాయికి అదే పెద్ద మెట్టు. అక్కడితో ఆగినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

లవ్‌డేల్‌లోని విక్టోరియా ఆసుపత్రి బాధ్యతలు అప్పట్లో డాక్టర్ నీల్ మెక్‌విక్కర్ చూసేవారు. స్థానిక అమ్మాయిలకే పూర్తిస్థాయి నర్సింగ్ నేర్పాలన్నది ఆయన ఆలోచన. 1903లో శిక్షణ మొదలైతే చేరింది ఇద్దరే. వారిలో సిసిలియా ఒకరు. రోగుల ఒళ్లు తుడవడం, మలమూత్రాలు ఎత్తడం మా అమ్మాయికెందుకని మన ఇళ్లలోనూ అన్న రోజులున్నాయి కదా! అందుకే చేతిలో టీచరు అర్హత ఉండగా ఆమె ఎంచుకున్న దారి చిన్నదేమీ కాదు.

మరో సంగతి గమనించండి. నర్సుల పేర్లను ప్రభుత్వ రిజిస్టర్‌లో నమోదు చేసే చట్టం ప్రపంచంలోనే మొదట వచ్చింది అక్కడే, 1891లో. పేరు ఎక్కాలంటే పరీక్ష నెగ్గాలి. సిసిలియా 1907 డిసెంబరులో ఆ పరీక్ష పాసైంది. 1908 జనవరి 7న ఆమె పేరు రిజిస్టర్‌లో ఎక్కింది. దక్షిణాఫ్రికాలో రిజిస్టర్డ్ నర్సు అయిన తొలి నల్లజాతి మహిళ ఆమే. నల్లవారికి సగం చదువు, సహాయకురాలి పని చాలనుకునేవారికి అదే జవాబైంది.

తర్వాత లవ్‌డేల్ ఆసుపత్రిలోనే ఏళ్లపాటు పనిచేసింది. నల్లజాతి మహిళలు పాసులు పట్టుకు తిరగాలన్న నిబంధన మీద 1912లో జరిగిన ఆందోళనలోనూ పాల్గొంది. చివరికి ఆరోగ్యం దెబ్బతిని దీర్ఘకాలిక సెలవు పెట్టాల్సి వచ్చింది. 1919లో కన్నుమూసింది. అప్పటికి నలభై ఏళ్లయినా నిండలేదు. నర్సుగా పేరు నమోదైన తర్వాత ఆమెకు దక్కింది పదకొండేళ్లే. అయినా ఆ దారిలో ఎందరో నడిచారు. నేడు ఈస్టర్న్ కేప్‌లోని ఓ పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి ఆమె పేరే ఉంది.

ఇదంతా పాత కథ అనుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో ప్రపంచంలో జరిగిన మాతృ మరణాల్లో దాదాపు 70 శాతం సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాల్లోనివే. కారణాలు మనకు తెలిసినవే: రక్తస్రావం, అధిక రక్తపోటు, ఇన్‌ఫెక్షన్. వీటిలో చాలావాటిని శిక్షణ ఉన్న నర్సు, మిడ్‌వైఫ్ ముందే గుర్తించగలరు. పట్నం నుంచి పంపినవారు పల్లెలో నిలవడం కష్టం. అదే ఊరి భాష మాట్లాడే అమ్మాయికి దగ్గరలోనే, ఏ మాత్రం తగ్గించని చదువు చెబితే ఆమె నిలిచే అవకాశం ఎక్కువ. లవ్‌డేల్‌లో 1903లో చేసింది అదే.

మీ ఇంట్లో అమ్మాయి నర్సింగ్ చదువుతానంటే వెంటనే వద్దనకండి. కాలేజీకి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో మాత్రం తప్పకుండా చూడండి. ఇంట్లో కాన్పు జరిగినప్పుడు, తల్లీబిడ్డలతో ఇంటికి బయల్దేరేముందు ఆ రాత్రి మేలుకుని ఉన్న సిస్టర్ పేరు ఓసారి అడిగి తెలుసుకోండి.