సెల్‌బర్న్ గ్రామ చరిత్రకారుడు గిల్బర్ట్ వైట్

లండను నగరమునకు నైరుతి దిక్కున, హాంప్‌షైర్ మండలములో, ఒక సుద్దకొండ క్రింద సెల్‌బర్న్ అను పల్లె కలదు. ఆ పల్లె యెడ ఆంగ్ల సాహిత్యాభిమానులకు గల ఆదరమునకు కారణము గిల్బర్ట్ వైట్ అను మతగురువు.

ఆయన 1720 జూలై 18వ తేదీన ఆ ఊరి గురుగృహముననే జన్మించెను. తాతగారు ఆ చర్చికి వికారు, అనగా ఖాయమైన గురువు. మనుమడు ఆక్స్‌ఫర్డులోని ఓరియల్ కళాశాలలో చదివి, అచటనే ఫెలో అయ్యెను. చిక్కు అందుండియే వచ్చినది. సెల్‌బర్న్ గురుపదవి నిచ్చు హక్కు మాడ్లిన్ కళాశాలది. ఇతర కళాశాలవాడగుటచే వైటునకు తాతగారి స్థానము దక్కలేదు. ఊరు విడిచి పోవుట కిష్టపడక, ఆయన ఇరుగుపొరుగు చర్చిలలోను, తుదకు స్వగ్రామములోను క్యూరేటుగా, అనగా మరియొకరికి బదులు పనిచేయు గురువుగా, జీవితము గడపెను. ఖాయము కాని కొలువెట్టిదో మన సభ్యులకు వేరుగ చెప్పనక్కర లేదు. నార్తాంప్టన్‌షైర్‌లో ఒక గురుపదవి మాత్రము పేరునకు ఆయనదై యుండెను. అచట నివసింపకయే ఆదాయము గ్రహించుట ఆనాటి ఆచారమే యైనను, మెచ్చదగినది కాదు.

తనది కాని ఆ చర్చి పరిధిలోని ప్రతి గట్టును, ప్రతి గూటిని ఆయన పరిశీలించెను. రూపమున ఒకే తీరుగ నుండు మూడు చిన్న పిట్టజాతులను కూతను బట్టి వేరుపరచెను. గోధుమచేలలో గూడు కట్టు చిట్టెలుకలను రెండింటిని తక్కెడలో వేయగా, అవి ఒక రాగి అరపెన్నీ నాణెమునకు సరితూగినవి! వానపాములు నేలకు చేయు మేలును డార్విన్ గ్రంథమునకు నూరేండ్లకు పూర్వమే వ్రాసెను. అయితే వానకోయిలలు శీతకాలమున దూరదేశములకు పోవునా, ఊరిలోనే ఎచటనైన దాగియుండునా యను సందేహము మాత్రము ఆయనను కడవరకు వీడలేదు.

1783లో ఆయన ఊరి జనమును లెక్కించెను. 136 కుటుంబములు, 676 మంది. ఆ వేసవిలోనే వింతైన పొగమంచు దేశమును క్రమ్మి, నట్టనడి మధ్యాహ్నమున సూర్యుడు కాంతిహీనుడయ్యెను. జనులు భీతిల్లిరి. వైటు మాత్రము గాలిదిక్కును, దినములను వ్రాసికొనెను. ఐస్‌లాండులోని లాకీ అగ్నిపర్వతము దానికి కారణమని నేడు మనకు తెలియును.

మిత్రులైన పెన్నెంట్, బారింగ్‌టన్‌లకు వ్రాసిన లేఖలను కూర్చి, 1789 సంవత్సరపు ముద్రతో ఆయన తన ఏకైక గ్రంథమును వెలువరించెను. దాని రెండవ భాగము గ్రామ చరిత్ర. పాఠకులు పక్షుల భాగమునే చదివి దీనిని దాటవేయుదురు. అది న్యాయము కాదు. 1233లో ఒక బిషప్పు ఆ ఊర స్థాపించిన మఠము సన్యాసుల క్రమరాహిత్యముచే క్షీణించి, తుదకు దాని ఆస్తి మాడ్లిన్ కళాశాల పరమైన వృత్తాంతమును అందు కాననగును. తనకు పదవి దక్కనీయని ఆ కళాశాల దస్త్రములనే ఆధారముగ గొని, నిష్ఠూరమాడక, ఆయన దానిని వ్రాసెను.

1793 జూన్ 26వ తేదీన వైటు స్వగృహమున మరణించెను. సమాధిశిలపై పేరులోని రెండు పొడి అక్షరములును, ఆ తేదీయు మాత్రమే కలవు. ఆ చర్చి ఆవరణములోనే, ఆయన చుట్టుకొలత 23 అడుగులని కొలిచి వ్రాసిన ప్రాచీనమైన యూ చెట్టు 1990 జనవరి తుపానులో కూలిపోయినది.