క్షయక్రిమిని పట్టి చూపిన రాబర్ట్ కోచ్

క్షయ పేరెత్తగానే మన ఇళ్ళలో ఇప్పటికీ గొంతు తగ్గుతుంది. పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపాలోనూ పలువురు దానిని వంశదోషంగానే భావించేవారు. ఆ భ్రమను తొలగించినవారు జర్మన్ వైద్యుడు రాబర్ట్ కోచ్ (1843–1910). చిన్న ఊళ్ళో వైద్యుడుగా ఉండగానే, 1876లో, పశువుల దొమ్మరోగానికి కారణమైన క్రిమి జీవితక్రమాన్ని ఆయన వెల్లడించారు.

క్షయక్రిమి అంత తేలికగా చిక్కలేదు. మామూలు రంగులు దానికి అంటవు. కోచ్ క్షారం కలిపిన మిథిలీన్ నీలిరంగులో గాజుబిళ్ళలను దాదాపు ఒక దినమంతా నానబెట్టి, పిదప గోధుమవన్నె రంగు అద్దారు. కణజాలమంతా గోధుమవన్నెకు మారగా క్రిములు మాత్రం సన్నని నీలి పుల్లలవలె నిలిచాయి. గడ్డకట్టిన రక్తరసంపై వాటిని పెంచడానికి వారాలు వేచి ఉండవలసి వచ్చింది. ఈ ఓర్పే మమ్మల్ని ఎక్కువగా ఆకర్షించింది. అట్లు పెంచిన క్రిములను గినీపందులకు ఎక్కించి, అదే వ్యాధిని పుట్టించి చూపారు. 1882 మార్చి 24న బెర్లిన్‌లో ఈ ఫలితాలను ప్రకటించారు.

అంతటి ఓర్పు గల ఆయనే 1890లో తొందరపడ్డారు. ట్యూబర్క్యులిన్ అనే ద్రవాన్ని క్షయకు మందుగా ప్రకటించగా రోగులు బెర్లిన్‌కు తరలివచ్చారు. అది వారి వ్యాధిని మాన్పలేకపోయింది. దాని తయారీని మొదట రహస్యంగా ఉంచడం మాకు సమంజసంగా తోచదు. అయితే మందు కాలేని ఆ ద్రవమే తరువాత క్రిమి సోకినదీ లేనిదీ తెలిపే సాధనమైంది. దాని నుండి శుద్ధిచేసిన పదార్థాన్నే నేటికీ ముంజేతి చర్మంలోకి ఎక్కించి, రెండు మూడు దినాల పిదప గట్టిపడిన వాపును కొలుస్తున్నారు.