వాల్కాటు జీవితము – ఆదిజీవుల శిలాశాసనములు

వేయేండ్లనాటి రాజశాసన మొకటి బయల్పడినచో మనము దాని ప్రాచీనతకు అబ్బురపడుదుము. అక్షరములు లేని శాసనములు భూగర్భమున కోట్ల సంవత్సరములుగా పడియున్నవి. వానిని చదువనేర్చిన వారిలో అమెరికా దేశీయుడగు ఛార్లెస్ డూలిటిల్ వాల్కాటు అగ్రగణ్యుడు. ఆతడు 1927 ఫిబ్రవరి 9వ తేదీన దివంగతుడయ్యెను. పట్టాను బట్టియే పాండిత్యమును కొలుచు అలవాటు గలవారికి ఆతని చరిత్రము ముఖ్యముగా తెలియవలసియున్నదని మేము తలంతుము.

వాల్కాటు 1850 మార్చి 31వ తేదీన న్యూయార్కు రాష్ట్రమందలి న్యూయార్కు మిల్సు అను గ్రామమున జన్మించెను. రెండేండ్ల ప్రాయముననే తండ్రిని గోల్పోయెను. పదునెనిమిదవ యేట బడి విడిచినవాడు మరల విద్యార్థిగా ఏ కళాశాల గడపయు త్రొక్కలేదు. కొంతకాలము ఇనుపసామానుల దుకాణమున గుమాస్తాగా నుండి, పిమ్మట ట్రెంటను జలపాతము చెంత నొక రైతు ఇంట చేరెను. సేద్యపు పనుల నడుమ రాళ్లు పగులగొట్టి, ట్రైలోబైటులను పెంకుగల ప్రాచీన సముద్రజీవుల శిలాజములను ప్రోగుచేసెను. 1873లో హార్వర్డు ఆచార్యుడగు అగాసీ ఆ సంచయమును కొనెను. ఆయన కడ చదువవలెనను కోరిక మాత్రము నెరవేరలేదు. ఆ సంవత్సరాంతముననే అగాసీ మరణించెను. 1876లో వాల్కాటునకు భార్యావియోగము సంభవించెను. ఆ యేటనే జేమ్సు హాలు అను భూగర్భశాస్త్రజ్ఞుని కడ సహాయకుడై, 1879లో అమెరికా భూగర్భ పరిశోధనశాఖలో ప్రవేశించెను. 1894లో ఆ శాఖకే అధిపతి యయ్యెను. 1907 మొదలు మరణపర్యంతము స్మిత్సోనియను సంస్థకు కార్యదర్శిగా నుండెను.

ఆ కాలమున పండితులను వేధించిన ప్రశ్న యొకటి గలదు. సుమారు 54 కోట్ల సంవత్సరముల క్రింద ఆరంభమైన కేంబ్రియను యుగపు శిలలలో నానావిధ జంతువులు కనబడుచున్నవి. వాని దిగువనున్న మరింత పాత శిలలలో జీవచిహ్నములే కానరాకుండెను. జీవకోటి క్రమముగా పరిణమించినదన్నచో దాని పూర్వుల జాడ యెక్కడ? 1859లో తన మహాగ్రంథమును ప్రకటించిన డార్విను సయితము దీనికి తగిన సమాధానము చెప్పజాలకపోయెను.

వాల్కాటు ఆ జాడను వెదకెను. 1882-83 శీతకాలమున కొలరాడో నదీతీరమందలి మహాలోయలోనికి దిగి, కేంబ్రియనునకు ముందరి శిలాస్తరములను శోధించెను. ఆ లోయయందలి చువారు శిలలలో దొరకిన చిన్నచిన్న నల్లని బిళ్లలకు 1899లో చువారియా యని పేరిడి, అవి ఆల్చిప్పవంటి జీవుల పెంకులని యెంచెను. మొంటానా రాష్ట్రపు ప్రాచీన శిలలలో కనబడిన చుట్టలు తిరిగిన సన్నని గీతలను పురుగులు ప్రాకిన జాడలుగా భావించెను. ఈ రెండు వ్యాఖ్యలును పిమ్మట నిలువలేదు.

1914లో ఆతడు మరియొక సాహసవాక్యమును వెలువరించెను. పాత సున్నపురాళ్లలో ఉల్లిపొరలవలె కనబడు గుండ్రని గుబ్బలు నాచు కట్టినవని చెప్పెను. నేడు స్ట్రొమాటోలైటులనునవి యివియే. నీటి అడుగున అతిసూక్ష్మజీవులు జిగట పొరగా పరచుకొనును. దానిపై మట్టియు సున్నమును పేరుకొనును. వెలుతురునకై జీవులు పైకి ప్రాకి మరల పొర పరచును. ఇట్లు పొరపై పొర పెరిగి గుబ్బ యగును.

వాల్కాటు గతించిన నాలుగేండ్లకు, 1931లో, కేంబ్రిడ్జి పండితుడగు సీవర్డు ఈ మాటను ఆక్షేపించెను. ఆ యాక్షేపణ నిర్హేతుకము కాదు. జీవుల ప్రమేయము లేకయే శిలలు పొరలుగా ఏర్పడవచ్చును. ఆ గుబ్బలలో జీవకణము నిశ్చయముగా కనబడలేదు. ఐనను అంత పెద్ద పండితుని సందేహముచే పలువురు ఈ వెదకులాటనే నిష్ఫలమని తలచిరి.

1954లో టైలరు, బార్గూర్ను అను నిరువురు కెనడాలోని సుపీరియరు సరస్సుతీరపు గన్‌ఫ్లింటు శిలలను పలుచని రేకులుగా కోసి సూక్ష్మదర్శినిలో పరీక్షించి, సుమారు 190 కోట్ల యేండ్లనాటి సూక్ష్మజీవుల రూపములను లోకమునకు చూపిరి. ఆస్ట్రేలియా పడమటి తీరమందలి షార్కు అఖాతమున అట్టి గుబ్బలు నేటికిని సజీవముగా పెరుగుచున్నవని పిమ్మట తెలియవచ్చెను. వానిని కట్టు నీలాకుపచ్చ నాచు నిజమునకు బాక్టీరియా జాతి. అట్టి జీవులు విడిచిన ప్రాణవాయువే సుమారు 240 కోట్ల సంవత్సరముల క్రిందట ఆకాశమున నిండనారంభించెను. కేంద్రకము గల కణములు అట్టి సూక్ష్మజీవినే తమలో నిముడ్చుకొనగా నిజమైన నాచుజాతు లుద్భవించినవి.

వాల్కాటు పెంకు లనుకొన్న చువారియా నాచుజాతి జీవమని నేడు పెక్కురి మతము. పురుగుజాడ లనుకొన్న గీతలకు 1976లో గ్రిపానియా యని పేరిడి, కంటికి గానవచ్చు నాచుగా నిరూపింప యత్నించిరి. వాని స్వభావమును గూర్చి వాదము ఇంకను తీరలేదు. కాని ఆ వాదమునకు ఆధారమేమి? ఆతడు జాగ్రత్తతో ప్రోగుచేసి, స్థలనిర్దేశముతో భద్రపరచిన శిలలే గదా! ఊహ తప్పిన పండితుని తరువాతివారు దిద్దగలరు. సాక్ష్యమును పోనాడిన పండితుని దిద్దుట కెవ్వరికిని తరము గాదు.

1909లో కెనడా పర్వతములపై ఆతడు కనుగొనిన బర్గెసు శిలాజములు జగత్ప్రసిద్ధములు. అచట ప్రోగుచేసినవి 65,000కు పైబడినవి. ఆ కాలముననే దుఃఖపరంపర ఆతనిని చుట్టుముట్టెను. 1911లో రెండవ భార్య రైలుప్రమాదమున మరణించెను. 1913లో ఒక కుమారుడు గతించెను. 1917లో ఫ్రాన్సు దేశమున విమానము నడపుచు మరియొక కుమారుడు అసువులు బాసెను. ఇన్ని దెబ్బలు తిన్నను ఆతని చేతి సుత్తి జారలేదు.

ఇది పరదేశపు ముచ్చటయే యని పాఠకులు తలపరాదు. మధ్యభారతమున చిత్రకూటపు శిలలలో ఎఱ్ఱనాచువంటి జీవుల శిలాజములు, సుమారు 160 కోట్ల సంవత్సరములనాటివి, దొరకినట్లు 2017లో ప్రకటింపబడినది. మన కడపసీమలో వేంపల్లె శిలలయందును వాల్కాటు చెప్పిన పొరల గుబ్బలు గలవు. అవి 190 కోట్ల యేండ్లకు మించినవి. ఒక రైతు ఇంట పనులు చేసినవాడు పొలమునందలి రాతిని వంగి చూచినందుననే గదా యింత విద్య లోకమునకు దక్కినది! రాయిని పగులగొట్టుటకు ముందు దానిలో నేమున్నదో యొకమారు పరికించుట మనకును భారము కానేరదు. శాసనము ఒకమారు సున్నపుబట్టీ పాలైనచో, చదువదలచిన పండితుడు వచ్చినను చదువుటకేమియు మిగులదు.