బధిరుల గురువు గ్రాహంబెల్

టెలిఫోనును కనిపెట్టినది ఎవరని అడిగితే మన కళాశాలలో మొదటి సంవత్సరపు విద్యార్థి సైతం తడుముకోకుండా అలెగ్జాండర్ గ్రాహంబెల్ పేరు చెప్పగలడు. ఆ బెల్ మాత్రం తన వృత్తి ఏమని అడిగినవారికి తాను బధిరుల ఉపాధ్యాయుడనని చెప్పుకొనేవాడు. ఆయన జీవితాన్ని ఆ వైపు నుండి చదివినప్పుడు మాకు ఆశ్చర్యంతో పాటు కొంత బాధ కూడా కలిగింది. రెండింటినీ దాచుకొనకుండా ఇక్కడ వ్రాస్తున్నాము.

బెల్ 1847 మార్చి 3న స్కాట్లండులోని ఎడింబరో నగరంలో జన్మించినాడు. తాతగారు, తండ్రిగారు ఇద్దరూ ఉచ్చారణ శాస్త్రంలో ఆరితేరినవారు. ఏ ధ్వనిని పలికేటప్పుడు నాలుక, పెదవులు, గొంతు ఏ స్థితిలో ఉంటాయో గుర్తుల ద్వారా చూపే ఒక లిపిని తండ్రి మెల్విల్ బెల్ రూపొందించినాడు. కంఠ్యములు, తాలవ్యములు అని వ్యాకరణంలో చదువుకున్న విద్యార్థులకు, తజ్వీదులో మఖారిజు నేర్చి ఖురాను పఠించే విద్యార్థులకు ఈ ఊహ కొత్తగా తోచదు. చెవితో విననివాడు కూడా ఆ గుర్తులను కంటితో చూచి ధ్వనిని పలుకవచ్చునన్నది దానిలోని విశేషం.

తల్లి ఎలైజా చిత్రకారిణి, పియానో వాయించగలిగిన విదుషి. ఆమెకు చెవుడు. తక్కినవారు ఆమె చెవి దగ్గరి గొట్టంలో బిగ్గరగా కేకలు వేస్తుంటే, బాలుడైన బెల్ ఆమె నుదుటికి దగ్గరగా వంగి మంద్రస్వరంతో మాట్లాడేవాడు. కంఠధ్వని కంపనాలు ఎముకల ద్వారా ఆమెకు అందగలవని అతని నమ్మకం. ఇంటిలో నలుగురు కూర్చుండి ముచ్చటించే వేళ, వారి మాటలను తన వేళ్ళతో అక్షరాలు కూర్చి తల్లికి అందజేసేవాడు. ఈ వేళ్ళ సంగతిని పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవలెను.

1867లో తమ్ముడు, 1870లో అన్న క్షయవ్యాధితో మరణించినారు. మిగిలిన ఒక్క కుమారుని దక్కించుకొనుటకై తల్లిదండ్రులు 1870లో అతనిని తీసుకొని కెనడాకు తరలిపోయినారు. మరుసటి ఏడు బెల్ బోస్టను నగరంలోని బధిరుల పాఠశాలలో తండ్రిగారి లిపిని బోధించుటకు వెళ్ళినాడు. చెవిటి పిల్లలలో చాలమందికి గొంతులో లోపమేమీ లేదు. ఇతరుల మాట వినలేనందువల్లనే వారికి మాట రాలేదు. కనుక ఓర్పుతో నేర్పితే పలుకగలరని అతని వాదం. అతని వద్ద చదువుకున్నవారిలో ఇద్దరిని ఇక్కడ చెప్పవలసి ఉన్నది. ఒకడు జార్జి సాండర్స్ అనే చిన్న పిల్లవాడు. రెండవది మేబెల్ హబ్బర్డ్ అనే యువతి. ఐదవ ఏట వచ్చిన స్కార్లెట్ జ్వరం ఆమె వినికిడిని పూర్తిగా హరించివేసింది. ఈ ఇద్దరి తండ్రులే తరువాత బెల్ ప్రయోగాలకు ధనసహాయం చేసినారు. టెలిఫోను పుట్టుకకు పెట్టుబడి చెవిటి బిడ్డల తండ్రుల నుండి వచ్చిందన్న సంగతి చదివి మేము కొంతసేపు పుస్తకం మూసి కూర్చున్నాము.

ఆ పుట్టుక కథ కూడా చెవితోనే ఆరంభమైంది. ధ్వని ఆకారాన్ని గీతగా గీసి చూపితే, శిష్యులు తాము పలికినది సరియైనదో కాదో కంటితో చూచి తెలుసుకొనగలరని బెల్ ఆలోచించినాడు. బోస్టనులోని క్లారెన్స్ బ్లేక్ అనే చెవి వైద్యుడు మృతదేహం నుండి తీసిన ఒక చెవిని అతనికి ఇచ్చినాడు. 1874 వేసవిలో బెల్ దానిని కెనడాలోని తండ్రిగారి ఇంటికి తీసుకొనిపోయి, లోపలి ఎముకకు ఒక గడ్డిపరకను అతికి, దాని కొన మసి పూసిన గాజుపలకను తాకేటట్లు అమర్చినాడు. చెవిలోనికి మాట్లాడగా గడ్డిపరక కదిలి మసిమీద అలలు గీసింది. కాగితంవలె పలుచని కర్ణభేరి, తనకంటె ఎంతో బరువైన సుత్తి, దాగలి, అంకవన్నె ఆకారపు ఎముకలను కదలించగలుగుతున్నదని అతడు గమనించినాడు. ఆపాటి పొర ఎముకను కదలించగలిగినప్పుడు, మరికొంచెం పెద్ద పొర అయస్కాంతం ముందు ఇనుపముక్కను ఎందుకు కదలించరాదు? ఆ కదలికకు అనుగుణంగా విద్యుత్ ప్రవాహం హెచ్చుతగ్గులు చెందితే మాట తీగవెంట పోవలెను. 1876 మార్చి 7న పేటెంటు లభించింది. మూడు రోజులకు పక్క గదిలోని సహాయకుడు వాట్సన్, తనను పిలిచిన బెల్ మాటలను యంత్రంలో స్పష్టంగా విన్నాడు. ఈ కీర్తి తమదేనని మరికొందరు కోర్టులకెక్కినారు. ఆ తగవు మన ప్రస్తుతాంశం కాదు.

1877 జూలై 11న బెల్ మేబెల్‌ను వివాహమాడినాడు. కొత్త టెలిఫోను కంపెనీలో తనకున్న వాటాలలో పది మాత్రం ఉంచుకొని తక్కినవన్నీ ఆమెకు పెళ్ళి కానుకగా ఇచ్చినాడు. ఆమె ఆ కంపెనీలో వాటాదారు అయింది కాని, ఆ యంత్రంలో భర్త కంఠాన్ని ఒక్కనాడూ వినలేదు. ఫ్రాన్సు ప్రభుత్వం ఓల్టా బహుమతిగా ఇచ్చిన 50,000 ఫ్రాంకులతో బెల్ పరిశోధనాలయం నెలకొల్పి, ఆ రాబడితో బధిరుల విజ్ఞాన సేకరణకై 1887లో ఓల్టా బ్యూరో స్థాపించినాడు. వినికిడిని కొలిచే ఆడియోమీటరును తయారుచేసినాడు. ధ్వని తీవ్రతను తెలిపే డెసిబెల్ అన్న మాటలో ఆయన పేరు నేటికీ నిలిచి ఉన్నది. చూపు, వినికిడి రెండూ లేని హెలెన్ కెల్లర్‌ను 1886లో ఆమె తండ్రి బెల్ వద్దకు తీసుకొనిరాగా, బోస్టనులోని అంధుల పాఠశాలకు వ్రాయుమని దారి చూపినవాడు ఆయనే. ఆ దారిన వచ్చిన గురువే ఆన్ సల్లివన్. హెలెన్ 1903లో తన ఆత్మకథను బెల్‌కే అంకితమిచ్చింది.

ఇంతవరకు వ్రాసి ఆపివేస్తే వ్యాసం అందంగానే ఉండేది. కాని ఆనాటి బధిరులలో అనేకులు బెల్‌ను హితైషిగా భావించలేదు.

చేతులతో మాట్లాడే సైగల భాష చెవిటివారిని లోకం నుండి వేరుచేస్తుందని బెల్ విశ్వసించినాడు. 1880లో మిలాన్ నగరంలో జరిగిన అంతర్జాతీయ విద్యాసభ, పాఠశాలలలో సైగలకు స్థానం ఉండరాదని, నోటిమాటతోనే బోధించవలెనని తీర్మానించింది. బెల్ ఆ సభకు వెళ్ళలేదు గాని అమెరికాలో ఆ పక్షానికి ఆయన పేరే పెద్ద బలమయింది. 1883లో జాతీయ విజ్ఞాన అకాడమీకి సమర్పించిన పత్రంలో, చెవిటివారు చెవిటివారినే పెండ్లాడుతూ పోతే మానవులలో ఒక చెవిటి తెగ ఏర్పడగలదని ఆందోళన వెలిబుచ్చినాడు. వివాహాలను చట్టంతో నిషేధించడం తగదన్నాడు కాని, వారికి ప్రత్యేకమైన వసతి బడులు, సైగల భాష, చెవిటి ఉపాధ్యాయులు ఉండరాదన్నాడు. 1921లో సుజనన శాస్త్ర మహాసభకు గౌరవాధ్యక్షుడుగా ఉండుటకు కూడా అంగీకరించినాడు. ఆ భయం శాస్త్రానికి నిలువలేదు. అమెరికాలో చెవిటి బిడ్డలలో 100కి 90 మందికి పైగా వినగలిగిన తల్లిదండ్రులకే పుడుతున్నారని తరువాత తేలింది.

బెల్‌ను ఎదిరించిన ఎడ్వర్డ్ గాలొడెట్ తల్లి కూడా చెవిటిదే. ఆమె భాష సైగలు. వాషింగ్టనులో బధిరుల కళాశాలకు అధ్యక్షుడుగా ఉన్న ఆయన, మాట నేర్పండి, కాని సైగలను తీసివేయకండి అని వాదించినాడు. ఆ వాదం చాలచోట్ల ఓడిపోయింది. చెవిటి ఉపాధ్యాయులు కొలువులు కోల్పోయినారు. చేతులు కదిపినందుకు పిల్లలు శిక్షలు అనుభవించినారు. ఇంటిలో ఒక భాష, బడిలో మరొక భాషగా పెరిగిన మా వంటివారికి, తన భాషలో మాట్లాడినందుకు దెబ్బలు తిన్న పిల్లవాని ముఖం ఊహించుకొనుటకు పెద్ద ప్రయత్నం అక్కరలేదు. సైగల భాషకు కూడా వ్యాకరణం ఉన్నదని, అది సంపూర్ణమైన భాష అని అదే కళాశాలలో పనిచేసిన విలియం స్టోకీ 1960లో నిరూపించినాడు. మిలాన్ తీర్మానాలకు విచారం తెలుపుతూ వాంకూవరు సభ ప్రకటన చేయుటకు 2010 వరకు పట్టింది.

బెల్ ద్వేషంతో ఈ పని చేసినాడని మేము అనము. తల్లికి, భార్యకు దూరమైన లోకాన్ని వారికి దగ్గర చేయవలెనన్న ఆరాటమే ఆయనది. అయితే ఎవరి కొరకు ఆరాటపడినాడో ఆ బధిరులు తమ భాష తమకు కావలెనని సభలలో, పత్రికలలో చెప్పుకొన్నప్పుడు ఆయన చెవిన బెట్టలేదు.

1922 ఆగస్టు 2న కెనడాలోని బాడెక్ సమీపాన తన ఇంటిలో బెల్ కన్నుమూసినాడు. తనను విడిచి వెళ్ళవద్దని మేబెల్ అడిగినప్పుడు నోట మాట పెగలని ఆయన, లేదని తన వేళ్ళతో సంజ్ఞ చేసినాడట. ఆగస్టు 4న అంత్యక్రియల వేళ ఉత్తర అమెరికాలోని టెలిఫోనులన్నీ ఒక నిమిషంపాటు మూగబోయినవి. ఐదు నెలలు తిరిగి, 1923 జనవరి 3న మేబెల్ కూడా మరణించింది.