క్లారెన్స్ డారో: శిక్ష యొక్క పరమార్థాన్ని ప్రశ్నించిన న్యాయవాది

నేరస్థుడెవరో తేలిపోగానే న్యాయస్థానం పని ముగిసినట్లే అని సామాన్యంగా మనం తలుస్తాం. వాస్తవానికి క్లిష్టమైన ప్రశ్న అక్కడే ఆరంభమవుతుంది. దోషిని శిక్షించడం ఎందుకు? చేసిన దుష్కృత్యానికి ప్రతిఫలంగానా? ఇతరులు చూచి భయపడడానికా? అతని బారి నుండి సంఘాన్ని కాపాడుకొనడానికా? లేక అతనిని తిరిగి మనిషిగా తీర్చిదిద్దడానికా? అమెరికా న్యాయస్థానాలలో ఈ ప్రశ్నలను అర్ధ శతాబ్దానికి పైగా వదలక వేసిన న్యాయవాది క్లారెన్స్ డారో.

డారో 1857 ఏప్రిల్ 18న ఒహాయో రాష్ట్రంలోని కిన్స్‌మన్ గ్రామ సమీపాన జన్మించాడు. తండ్రి అమైరస్ కొయ్యసామాను చేసి అమ్మేవాడు. శవపేటికలు చేయడం కూడ ఆయన వృత్తిలో భాగమే. సంపద లేకపోయినా ఆ ఇంట పుస్తకాలకు కొదువ లేదు. బానిసత్వాన్ని ద్వేషించిన స్వతంత్ర భావుకుడాయన. యౌవనంలో ఒకనాడు బహిరంగంగా అమలు జరిగే ఉరిశిక్షను చూడబోయి, చూడలేక మొగం తిప్పుకొన్నాడట. అక్కడికి వెళ్లినందుకే తాను సిగ్గుపడ్డానని ఆ తండ్రి చెప్పిన ముచ్చట కుమారుని హృదయంలో చెరగని ముద్ర వేసింది.

మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఒక్క సంవత్సరం న్యాయశాస్త్రం చదివి, మిగిలిన విద్యను ఒక న్యాయవాది కార్యాలయంలో గడించి, 1878లో డారో వృత్తిలో ప్రవేశించాడు. ఆష్టబ్యూలా అనే చిన్న పట్టణంలో ఉన్న కాలంలో జాన్ పీటర్ ఆల్ట్‌గెల్డ్ 1884లో ప్రకటించిన ఒక గ్రంథం ఆయన చేతికి వచ్చింది. కారాగారాలను నింపుతున్నది ప్రధానంగా దరిద్రులేననీ, చెరసాలలు నేరస్థులను బాగుచేయడానికి బదులు కొత్త నేరస్థులను తయారు చేస్తున్నాయనీ ఆ గ్రంథం వాదించింది. 1887లో డారో షికాగో నగరానికి తరలివెళ్లి ఆ గ్రంథకర్తకు ఆప్తమిత్రుడైనాడు. తరువాత ఇలినాయ్ రాష్ట్ర గవర్నరైన ఆల్ట్‌గెల్డ్, హేమార్కెట్ బాంబు కేసులో శిక్షలు అనుభవిస్తున్న ముగ్గురికి 1893లో క్షమాభిక్ష ప్రసాదించి, అందుకు తన రాజకీయ భవిష్యత్తునే మూల్యంగా చెల్లించాడు. న్యాయం కోసం లోకనిందను భరించడమెట్లో డారో ఆయన వద్దనే నేర్చుకొన్నాడు.

1894 డారో జీవితంలో మలుపు. అప్పటికి ఆయన ఒక పెద్ద రైల్వే కంపెనీకి న్యాయవాది. పుల్‌మన్ సమ్మెలో కార్మిక నాయకుడు యూజీన్ డెబ్స్‌పై కేసులు పెట్టగా, ఆ ఉద్యోగాన్ని వదలి డెబ్స్ పక్షాన నిలిచాడు. ఆ యేడే షికాగో మేయరును హత్య చేసిన ప్రెండర్‌గాస్ట్ అనే యువకుని ప్రాణం కాపాడడానికి పూనుకొన్నాడు. అతనికి మతి చలించిందని వాదించినా ఫలితం లేకపోయింది. జులై 13న ఆ యువకుని ఉరితీశారు. ఈ పరాజయం తరువాత మరణశిక్షపై పోరాటం డారోకు వృత్తిధర్మాన్ని మించిన వ్రతమైంది.

1902లో షికాగో జిల్లా కారాగారంలోని ఖైదీల ఎదుట ఆయన ఒక ఉపన్యాసం చేశాడు. మనుషులు చెరసాల పాలు కావడానికి వారి దుష్టస్వభావం కారణం కాదనీ, వారు తప్పించుకొనలేని పరిస్థితులే కారణమనీ అందులో ప్రతిపాదించాడు. ఆకలి, నిరుద్యోగం, పెరిగిన వాతావరణం, పుట్టుకతో వచ్చిన గుణాలు మనిషిని నడిపిస్తాయని ఆయన విశ్వాసం. ఈ వాదాన్నే 1922లో నేరకారణాలను గూర్చిన గ్రంథంగా విస్తరించి వ్రాశాడు. వైద్యుడు రోగకారణాన్ని వెదకినట్లే న్యాయస్థానం నేరకారణాన్ని వెదకవలెనన్నది దాని సారాంశం.

డారో జీవితంలో మచ్చలు లేకపోలేదు. 1910లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రికా కార్యాలయంపై జరిగిన బాంబుదాడిలో ఇరవై మంది వరకు మరణించారు. నిందితులైన మెక్‌నమారా సోదరుల పక్షాన వాదించవచ్చిన డారో, సాక్ష్యం బలంగా ఉన్నదని గ్రహించి, 1911 డిసెంబరులో వారిచేత నేరం ఒప్పించి ఉరి తప్పించాడు. వారి నిర్దోషిత్వాన్ని నమ్మిన కార్మిక సంఘాలు ఆయనను దూరం చేశాయి. అంతటితో ఆగక, జ్యూరీ సభ్యులకు లంచమిచ్చే యత్నం చేశాడని ఆయనపైనే కేసులు వచ్చాయి. ఒక కేసులో 1912లో నిర్దోషిగా విడుదలయ్యాడు. రెండవ దానిలో 1913లో జ్యూరీకి ఏకాభిప్రాయం కుదరలేదు. నిందితుని స్థానంలో నిలబడి తీర్పు కోసం ఎదురుచూడడమంటే ఏమిటో ఆయన స్వయంగా అనుభవించాడు.

ఆయన సిద్ధాంతానికి అగ్నిపరీక్ష 1924లో వచ్చింది. నేథన్ లియోపోల్డ్, రిచర్డ్ లోబ్ షికాగోలోని సంపన్న కుటుంబాల బిడ్డలు. వయస్సు పందొమ్మిది, పద్దెనిమిది. చదువులో మహా మేధావులు. తమ తెలివిని తామే పరీక్షించుకొనడానికన్నట్లు, మే 21న పద్నాలుగేండ్ల బాబీ ఫ్రాంక్స్‌ను అపహరించి చంపివేశారు. పట్టుబడి నేరం ఒప్పుకొన్నారు. ఇక్కడ ఆకలి లేదు, దారిద్ర్యం లేదు, పగ లేదు. దేశమంతా ఉరి కోరింది. పది లక్షల డాలర్ల కోసమే డారో ఈ కేసు తీసుకొన్నాడని వదంతి పుట్టింది. చివరకు ఆయనకు ముట్టింది అందులో స్వల్పాంశం మాత్రమే.

జులై 21న డారో ఎవరూ ఊహించని పని చేశాడు. యువకులిద్దరిచేతా నేరం అంగీకరింపజేశాడు. హత్య, అపహరణ రెండూ మరణశిక్షకు తగిన నేరాలు కనుక, ఒకదానిలో తప్పించుకొన్నా ప్రభుత్వం రెండవదానిలో ఉరి కోరగలదు. అదీగాక, జ్యూరీ అయితే పన్నెండు మంది ఆ బాధ్యతను పంచుకొంటారు. నేరం ఒప్పుకొంటే ఉరిశిక్ష భారం న్యాయమూర్తి జాన్ కేవర్లీ ఒక్కని భుజాలపైనే పడుతుంది. కాబట్టి విచారణలో మిగిలింది ఒక్కటే ప్రశ్న: శిక్ష ఏది? హత్యకు ఇలినాయ్ చట్టం మరణశిక్ష, యావజ్జీవ కారాగారం, పద్నాలుగేండ్లకు తగ్గని ఖైదు అనే మార్గాలు చూపింది.

ప్రభుత్వ న్యాయవాది రాబర్ట్ క్రో ఉరికై పట్టుబట్టాడు. డారో పేరొందిన మనోవైద్యులను రప్పించి ఆ యువకుల బాల్యాన్నీ, మనోవికాసంలోని లోపాలనూ న్యాయస్థానం ముందుంచాడు. వారు పిచ్చివారని ఆయన అనలేదు; శిక్షా పరిమాణాన్ని నిర్ణయించేటప్పుడు మనస్సు స్థితిని గమనింపుమన్నాడు. ఆగస్టులో మూడు దినాలపాటు, సుమారు పన్నెండు గంటలు, తుదివాదం వినిపించాడు. స్వల్ప నేరాలకు సైతం ఉరితీసిన పాతకాలపు ఇంగ్లండులో నేరాలు ఆగలేదని గుర్తుచేశాడు. మొదటి ప్రపంచయుద్ధం ప్రాణం విలువను మరచిపోవడమెట్లో యువతరానికి నేర్పిందన్నాడు. చనిపోయిన బాలుని తల్లి దుఃఖాన్నీ ఆయన విస్మరించలేదు. మరి ఇద్దరు యువకులను ఉరితీసినందువల్ల ఆ దుఃఖం తీరదని మనవి చేశాడు.

సెప్టెంబరు 10న తీర్పు వెలువడింది. హత్యకు యావజ్జీవ కారాగారం, అపహరణకు 99 సంవత్సరాల ఖైదు. న్యాయమూర్తి డారో సిద్ధాంతాన్ని స్వీకరించలేదు. ఆయన ముఖ్యంగా చూచింది నిందితుల వయస్సును మాత్రమే. పైగా వారిని ఎన్నడూ పెరోల్‌పై విడువరాదని సూచించాడు.

కాలం ఈ కథకు మరికొంత జతచేసింది. లోబ్ 1936లో కారాగారంలో సహఖైదీ చేతిలో మరణించాడు. లియోపోల్డ్ ఖైదీల విద్యకై పాటుపడి, రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మలేరియా ప్రయోగాలకు తన శరీరాన్ని అప్పగించాడు. 1958లో పెరోల్‌పై విడుదలై, పోర్టోరికో ద్వీపంలో వైద్యసేవా కార్యాలయంలో పనిచేసి, 1971లో మరణించాడు. అతడు మారగలడో లేడో 1924లో ఎవరికీ తెలియదు. ఉరితీసి ఉంటే ఎన్నటికీ తెలిసేది కాదు.

అయితే డారో వాదంలో చిక్కు లేకపోలేదు. మనిషి చేసే ప్రతి పనికీ పరిస్థితులే కారణమైతే, నేరానికి నింద లేనట్లే మంచికి మెప్పు కూడ ఉండరాదు. మరొక ప్రశ్న ఇంకా బాధాకరం: ఆ యువకులు దిక్కులేని నల్లజాతి బిడ్డలై ఉంటే ఇంతటి వాదం, ఇంతమంది వైద్యులు వారికి లభించేవారా? డారోకు ఈ సంగతి తెలియనిది కాదు. డెట్రాయిట్ నగరంలో తెల్లవారి పేటలో ఇల్లు కొన్నందుకు దాడికి గురై, హత్యానేరం మోపబడిన నల్లజాతి వైద్యుడు ఆసియన్ స్వీట్ కుటుంబం పక్షాన 1925లో నిలిచి వాదించాడు. ఆ వైద్యుని సోదరుడు 1926లో నిర్దోషిగా బయటపడ్డాడు.

1938 మార్చి 13న డారో షికాగోలో కన్నుమూశాడు. ఆయన వేసిన ప్రశ్నలు అంతటితో సమసిపోలేదు. 1984లో అమెరికా కేంద్ర శాసనసభ శిక్షల సంస్కరణ చట్టం చేసి, తగిన ప్రతిఫలం, భయప్రేరణ, ప్రజారక్షణ, దోషికి శిక్షణ అనే నాలుగు లక్ష్యాలను న్యాయమూర్తుల ముందుంచింది. నేరం జరిగిననాటికి పద్దెనిమిదేండ్లు నిండనివారికి మరణశిక్ష చెల్లదని 2005లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ గీటురాయి లియోపోల్డ్, లోబ్‌లను రక్షించి ఉండేది కాదు. ఇద్దరూ ఆ వయస్సు దాటినవారే. ఇలినాయ్ రాష్ట్రం 2011లో మరణశిక్షనే రద్దు చేసింది.

నిర్దోషి పక్షాన నిలవడానికి ధైర్యం కావాలి. దోషి అని తెలిసీ, లోకమంతా అసహ్యించుకొన్న వేళ వాని ప్రాణం కొరకు నిలవడానికి అంతకుమించిన విశ్వాసం కావాలి. శిక్షించే అధికారం చేతికి వచ్చిన ప్రతివాడూ, అది న్యాయపీఠం కానీ, తరగతి గది కానీ, ఇల్లు కానీ, చేయి ఎత్తడానికి ముందు ఎందుకు అని తన్ను తాను ప్రశ్నించుకొనవలె. ఈ జీవితం మన విద్యార్థులకు నేర్పగల పాఠం అదే.