డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

ఆంధ్రదేశంలో పుట్టి, అమెరికాలో కన్నుమూసి, లోకానికంతటికీ మందులు ప్రసాదించిన మహనీయులు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. వారు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించినారు. మద్రాసు వైద్య కళాశాలలో చదువునపుడు ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురియైనారు. అందువలన ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే సరిపెట్టుకొనవలసి వచ్చినది. సోదరులిద్దరు కొద్దిరోజుల వ్యవధిలో స్ప్రూ అను గ్రహణీవ్యాధికి బలియగుట వారి హృదయాన్ని కలచివేసినది.

భార్యను స్వదేశంలో విడిచి బోస్టన్ చేరిన సుబ్బారావుగారు మరల ఆమెను చూడలేదు. రాత్రులు ఆసుపత్రిలో కూలిపని, పగలు హార్వర్డులో చదువు. రక్తంలోని భాస్వరాన్ని నీలిరంగు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించినారు. ఆ కొలతయే కండరాల శక్తికి మూలమైన పదార్థాలను కనుగొనుటకు దారిచూపినది.

1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరినారు. స్ప్రూ చికిత్సకు ఉపకరించిన ఫోలిక్ ఆమ్లం, బోదకాలు క్రిములపై పనిచేయు హెట్రజాన్ వారి నాయకత్వాన వెలువడినవి. పుండ్లు మొదలు రక్తదోషం వరకు కలిగించు స్టాఫిలోకాకస్ ఆరియస్ అప్పటికే పెనిసిలిన్‌ను ధిక్కరించుచుండెను. అట్టి తరుణంలో, డెబ్బది దాటిన డగ్గర్ పండితుడు సుబ్బారావుగారి విభాగంలో మిస్సోరీ మట్టినుండి ఆరియోమైసిన్‌ను సాధించినారు. క్రిమి పేరులోను, మందు పేరులోను ఉన్నది బంగారు వన్నెయే! ఆ మందు 1948లో లోకానికి వెల్లడియైనది. ఆ ఆగస్టులోనే, 53వ ఏట, సుబ్బారావుగారు గతించినారు.

కొన్ని సంవత్సరాలకే స్టాఫ్ ఆ మందుకును ఎదురుతిరిగినది. 1961లో మెథిసిలిన్‌కు లొంగని స్టాఫ్ ఇంగ్లండులో బయటపడినది. దానిని నేడు గుర్తించు విధాలలో ఒకటి సులభమైనది. రోగినుండి తీసి పెంచిన స్టాఫ్‌ను అగర్ పళ్ళెంపై పరచి, 30 మైక్రోగ్రాముల సెఫాక్సిటిన్ గల కాగితపు బిళ్ళను ఉంచి, ఒక దినం వెచ్చగా ఉంచుదురు. బిళ్ళచుట్టూ క్రిమి పెరగని వలయపు వ్యాసం 21 మిల్లీమీటర్లు గాని, అంతకు తక్కువ గాని ఉన్నచో, అది మెథిసిలిన్‌కు లొంగనిదని నిర్ణయింతురు. అట్టి రోగికి ఆ కోవ మందు నిచ్చుట వ్యర్థం. వ్యర్థమైన ప్రతి దినం ప్రాణాపాయం.

మందు దొరకినంతమాత్రాన పని ముగియదు. అది పనిచేయునో లేదో కొలిచి చూడవలెను. అడిక్‌మెట్ చెంతనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనైనను, మరెచ్చటనైనను, ఆ వలయాన్ని కొలుచు విద్యార్థి భీమవరపు సుబ్బారావుగారిని ఒకసారి స్మరించుట ఉచితం.