కాకినాడకు దేహాన్నిచ్చిన హాల్డేన్

జె.బి.ఎస్. హాల్డేన్ పేరు జన్యుశాస్త్రం చదివినవాళ్లకు కొత్త కాదు. చనిపోయాక ఆయన దేహం మన కాకినాడకు చేరిందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. కాకినాడలో బీఎస్సీ చదివి ఇప్పుడు మస్కట్‌లో ఇల్లు చూసుకుంటున్న నాకు ఆయన గురించి రాయాలనిపించడానికి ఇంకో కారణం ఉంది. మా అబ్బాయికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియదు.

హాల్డేన్ 1892లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి గనుల్లోని విషవాయువులపై పరిశోధన చేసిన శాస్త్రవేత్త. కొడుకును చిన్నప్పుడే గనుల్లోకి వెంట తీసుకెళ్లేవారు. జన్యుశాస్త్రంలో అంత పేరు తెచ్చుకున్న హాల్డేన్‌కు సైన్సు డిగ్రీ లేదంటే నమ్మలేం!

1937లో ఆయన, జూలియా బెల్ కలిసి హీమోఫీలియా, వర్ణాంధత్వం రెండూ ఉన్న కుటుంబాల వంశవృక్షాలు పరిశీలించారు. హీమోఫీలియా అంటే రక్తం త్వరగా గడ్డకట్టని జబ్బు. ఈ రెండు జన్యువులూ ఎక్స్ క్రోమోజోమ్ మీద దగ్గరదగ్గరగా ఉంటాయని లెక్కగట్టి చూపించారు. మనిషి జన్యువుల మధ్య దూరాన్ని అంచనా వేయడంలో అది తొలి అడుగు. మనం లోపం అనుకునే వర్ణాంధత్వమే ఆ పటానికి గుర్తురాయి అయింది.

మావాడి సంగతి కళ్ల పరీక్షలో చుక్కల మధ్య అంకె కనిపించనప్పుడు తేలింది. పోపులో కరివేపాకు, ఎండుమిర్చి వాడికి ఇంచుమించు ఒకే రంగు. సిగ్నల్ దగ్గర పైన వెలిగిందా, కింద వెలిగిందా అని చూసి చెప్తాడు. ఇండియా నుంచి ఫోన్ చేసిన పెద్దవాళ్లు మొదట అడిగింది, ఇది ఎవరి వైపు నుంచి వచ్చిందని.

మా నాన్నగారి నుంచి, నా ద్వారా వచ్చింది. తండ్రి కొడుక్కి వై ఇస్తాడు, కూతురికి ఎక్స్ ఇస్తాడు. నా రెండో ఎక్స్ బాగుంది కాబట్టి నాకు రంగులు తెలుస్తాయి. కొడుక్కి ఏ ఎక్స్ వెళ్తుందన్నది బొమ్మా బొరుసూ. అందులో ఎవరి తప్పూ లేదు. హీమోఫీలియా కలిగించే కొత్త జన్యుమార్పులు తల్లుల్లో కన్నా తండ్రుల్లోనే ఎక్కువగా పుడతాయని 1947లో హాల్డేనే సూచించారు. తల్లినే వేలెత్తి చూపేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఒమన్‌లో ఎక్కువగా కనిపించే జీ6పీడీ లోపం కూడా కొడుకులకు తల్లి ఎక్స్ ద్వారానే వస్తుంది. నాకు పరిచయమున్న ఇక్కడి తల్లులు దాని గురించి దాపరికం లేకుండా మాట్లాడుకుంటారు. మనమూ అలాగే మాట్లాడుకోవచ్చు కదా!

హాల్డేన్ 1957లో భార్య హెలెన్ స్పర్వేతో కలిసి భారతదేశం వచ్చేశారు. మొదట కలకత్తాలో, తర్వాత భువనేశ్వర్‌లో పనిచేశారు. ఇక్కడి పౌరసత్వం తీసుకున్నారు, శాకాహారిగా మారారు. మన తెలుగువారు ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యులే. 1964 డిసెంబర్ 1న హాల్డేన్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారమే దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు.

మీ పిల్లలు రంగులు తికమకపడుతుంటే కోప్పడకండి, కళ్ల డాక్టర్‌కు చూపించండి. టీచర్‌కూ చెప్పండి, మ్యాపులు, గ్రాఫులు రంగులతో పాటు పేర్లు రాసి చూపిస్తారు. రైలు, విమానం నడిపే ఉద్యోగాలకు రంగుల చూపు పరీక్ష ఉంటుంది. ఆ సంగతి పదో తరగతిలోనే తెలిస్తే పిల్లలు వేరే దారి ఎంచుకోవడానికి కావలసినంత సమయం ఉంటుంది.